పనికిరాని కిడ్నీ

కిషన్‌బాగ్ ఆగమ్మ సర్కారు దవాఖానల ఆయా. కిడ్నీలు చెడిపోయి అక్కడనే పడ్డ తమ్ముడు కృష్ణయ్యకు తన కిడ్నీ ఇస్తనని డాక్టర్ ముందల నిలబడ్డది.

"నీకెప్పుడన్న కామెర్లు అయినయా?"

"మూడేండ్ల కింద అయినయి సార్. పసరు తాగితే తగ్గినయి."

"అయితే నీ కిడ్నీ పనికిరాదు. నెత్తురుల రోగం దాగుంటది. రూలు ఒప్పుకోదు, పో."

ఆగమ్మ నవ్వింది. "రూలు మంచిదే సార్. నిరుడు కాన్పుల మీ భార్యకు నెత్తురు తక్కువైతే, వార్డు తుడుస్తున్న నన్ను గుంజుకపోయి సీసెడు తీసిన్రు. అప్పుడు కామెర్ల సంగతి ఎవ్వరడగలే."

డాక్టర్ మొఖం తెల్లబడ్డది. వెంటనే ఇంటికి ఫోన్ జేసి, భార్యను నెత్తురు పరీక్షకు తీసుకరమ్మన్నడు.

ఆగమ్మ స్టూలు గుంజుకొని కూసున్నది.

"పరీక్ష ఉన్నదా సార్? మరి నాకు చెయ్యకుండనే పొమ్మంటిరి," అనుకుంట సూదికి చెయ్యి చాపింది.