దుబాసీ నోరు

లాండ్రీలో దొరికిన పదకొండుమందినీ రేపు పొద్దున్నే సరిహద్దు దాటించేస్తారట. పీడ విరగడైందని పక్కింటావిడ గోడ మీదుగా అందని భార్య చెప్పింది.

“ఇంకేమంది?” అన్నాడు దుబాసీ, బూటు లేసు కట్టుకుంటూ.

“ఈ కాగితాల్లేనివాళ్లు వచ్చాకే వాళ్లాయన కూలి సగానికి పడిందట. సగానికి చేసేవాడు దొరికితే నిండా ఇచ్చే వెర్రి యజమాని ఎవడమ్మా అంది. గదికి ఆరుగురు సర్దుకుంటున్నారని అద్దెలు కూడా పెంచేశారట.”

“అందులో అబద్ధమేముంది?”

“నేనూ తలూపి వచ్చాను.” భార్య గుమ్మం వదల్లేదు. లోపల కూతురు బడికి జడ వేసుకుంటోంది. “ఇవాళ మిమ్మల్నే పిలుస్తారా?”

“మన భాషకి వాళ్లకి నేను కాక ఇంకెవరున్నారు?”

విచారణ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. ఫ్యాను చప్పుడే గానీ గాలి లేదు. అటు అధికారి, ఇటు పట్టుబడ్డవాడు, మధ్యలో దుబాసీ. దుబాసీ పనికి నియమం ఒకటే. అవతలివాడు ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనే చెప్పాలి. మాట కలపకూడదు, మింగకూడదు.

ఏడేళ్లుగా అలాగే చెబుతున్నాడు. ఆ నోటితో వంటవాడయ్యాడు, తాపీమేస్త్రీ అయ్యాడు, ఒకసారి నిండు చూలాలు కూడా అయ్యాడు. నెలలు నిండాయా అని ఆఫీసువాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

“ఎలా వచ్చావు?” అన్నాడు అధికారి.

“ఉల్లిపాయల లారీలో వచ్చాను సార్,” అన్నాడు దుబాసీ, పట్టుబడ్డవాడి మాటను తిప్పి చెబుతూ.

“ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికాను. ఎవరి సొమ్మూ ముట్టుకోలేదు.”

“అమ్మానాన్నలు?”

పట్టుబడ్డవాడు బల్లకేసి చూస్తూ ఏదో గొణిగాడు. దుబాసీ గ్లాసెత్తి మంచినీళ్లు తాగాడు.

“మా నాన్న పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది.”

అధికారి లేచి వచ్చి, పట్టుబడ్డవాడి చొక్కా మెడ దగ్గర వేలితో తడిమాడు. అధికారి దర్జీ కొడుకు, కుట్టు చదవడం తెలుసు.

“కాలరు అరిగితే విప్పి, తిరగేసి కుట్టారు. చేతికుట్టు. దిక్కులేనివాడికి ఇంత ఓపిగ్గా ఎవరు కుడతారండీ? ఏదో ఇల్లు వీణ్ణి కడుపులో పెట్టుకుంది. అదెవరిదో చెబితే వీణ్ణి ఇక్కడే ఉండనిస్తాం. దాచినవాళ్ల కాగితాలు రద్దు చేసి, ఆ ఇంటిల్లిపాదినీ రేపటి బండి ఎక్కిస్తాం. అడగండి.”

దుబాసీ నోరు తెరిచాడు. మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

“అడగండి. మీ పని అదేగా.”

అడిగాడు. ఒక్క ముక్క మింగకుండా, మీరు అంటూ, ఏడేళ్లుగా అందరినీ అడిగినట్టే అడిగాడు.

పట్టుబడ్డవాడు మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూశాడు. అధికారికి తెలియని ఆ భాషలో, గొంతు పెంచకుండా అన్నాడు:

“నాకెవరూ లేరని చెప్పెయ్యి నాన్నా. అమ్మా చెల్లీ అయినా ఇక్కడ మిగులుతారు.”