ఫ్రేములో పడకూడనివి

కాలింగ్ బెల్ మూడోసారి నొక్కాక తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను బయటికి చూసింది.

"ఎవరు నువ్వు?"

"ఫొటోగ్రాఫర్‌ని సార్. ఇల్లు అద్దెకిస్తున్నారు కదా, ప్రకటనకి ఫొటోలు తియ్యాలి. ఏజెంటు గారు పంపారు."

"నీ వెనకాల ఇంకెవరైనా వస్తున్నారా?"

"లేదు సార్, నేనొక్కణ్నే."

కన్ను అతన్ని కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా కొలిచింది. అప్పటికి గాని తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఎదురుగా నెరిసిన మీసాల పెద్దమనిషి.

ఫొటోగ్రాఫర్‌నని అన్నాడు గానీ, అతను వారమంతా మందుల షాపులో బిల్లులు కొడతాడు. ఆదివారం మాత్రం కెమెరా పట్టుకుంటాడు. నాలుగు రాళ్లు వెనకేసుకుందామని మొదట్లో మనుషుల్ని తీశాడు. తలలు తెగిపోయేవి. "ఒరేయ్, నీ ఫొటోలో నన్ను చీరని బట్టి గుర్తుపట్టాలిరా" అని అక్క ఏడిపించేది. అతను పట్టు వదల్లేదు. ఫోన్లో పాఠాలు చూసి చూసి మనుషుల్నుంచి ఇళ్లకి మారాడు. ఇళ్లకి తలలుండవు. కదలవు. "నేను లావుగా పడ్డాను" అని అలగవు.

ఏజెంటు ఇచ్చిన మొదటి పని ఇదే. బాగా కుదిరితే ప్రతి ఆదివారం ఇంకో ఇల్లు చూపిస్తానన్నాడు. ఒక్క హెచ్చరిక మాత్రం చేశాడు. "తమ్ముడూ, సామానుతో సహా అద్దెకిచ్చే ఇల్లది. చెంచా పోయిందని మాటొచ్చినా సరే, నిన్ను పోలీసులకి పట్టించేది నేనే."

పదకొండు గంటలకి వెళ్లమన్నాడు. కానీ పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తేనే హాలు విశాలంగా కనిపిస్తుందని పాఠంలో చెప్పారు. అందుకని తొమ్మిదింటికే వచ్చి వాలాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గదా!

"లైట్లన్నీ వెయ్యాలి సార్."

పెద్దమనిషి ఏదో స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఇంకోటి నొక్కాడు. వంటింట్లో ఏదో గుర్రుమంది. "ఇవన్నీ ఆడవాళ్లు చూసుకునేవి" అని గొణిగాడు.

అతను కిటికీ తెర పక్కకి లాగాడు.

"అదెందుకు తీస్తున్నావ్?"

"వెలుతురు కోసం సార్."

"వీధిలోవాళ్లకి కనబడతాం. సగం చాలు. ఎంతసేపు పడుతుందేం?"

"గంట సార్."

"గంటా!"

అతనికి ఒళ్లు మండింది. ఇల్లు అద్దెకి పోవాలి, ఎవరి కంటా పడకూడదు, ఇదెక్కడి గోల! అయినా పళ్లబిగువున ఊరుకున్నాడు. ఈయన ఒక్క మాట చెడ్డగా చెప్పాడా, ఆదివారాలన్నీ గోవిందా.

పడగ్గదిలో అద్దముంది. తను అందులో పడకుండా ఓ మూలకి ఒదిగి నొక్కాడు. తీరా చూస్తే గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి పడ్డాడు.

"తుడిచెయ్ అది. నా కళ్లముందే తుడిచెయ్."

తుడిచేశాడు. ఆయన నమ్మలేదు. కెమెరా లాక్కుని ముందూ వెనకా ఫొటోలన్నీ తిప్పి చూశాడు. దొంగని చూసినట్టు చూస్తున్నాడే అని అతని మనసు చివుక్కుమంది.

మళ్లీ హాల్లోకి వచ్చాక అతను షోకేసు దగ్గర ఆగాడు.

"సార్, ఒక్క మాట. ఖరీదైనవి ఫ్రేములో పడకూడదు. ఈ ప్రకటనలు దొంగవెధవలు కూడా చూస్తుంటారు. ఏ ఇంట్లో ఏముందో మనమే చెప్పినట్టవుతుంది."

పెద్దమనిషి మొహం మొదటిసారి విప్పారింది. "అవునా? మరేం చేద్దామంటావ్?"

"తీసి ఎక్కడన్నా పెట్టెయ్యండి."

"ఏవేవి తియ్యాలో నువ్వే చెప్పు బాబూ. నాకంత తెలీదు."

పాఠాలు అతనికి బాగానే ఒంటబట్టాయి. వెండి గ్లాసులు చూపించాడు. లాప్‌టాప్ చూపించాడు. అలమార పైనున్న కంచు బొమ్మని ఆయన వదిలేస్తుంటే, "అయ్యో, అది పాతకాలంది సార్, వీటన్నిటికంటే అదే ఖరీదు" అని స్టూలెక్కి దించాడు. ఏజెంటు హెచ్చరిక గుర్తుంది కాబట్టి ఏదీ తన దగ్గర ఉంచుకోకుండా ఆయన చేతికే అందించాడు. ఆయన పడగ్గదిలోంచి ఓ సూట్‌కేసు తెచ్చి వాటిని అందులో సర్దాడు. జిప్పు పడకపోతే అతనే మోకాలు ఆనించి నొక్కాడు.

ఖాళీ అయిన హాలు ఎండలో మెరిసిపోయింది. అంత మంచి ఫొటో అతను జన్మలో తియ్యలేదు.

వెళ్లేముందు తన కెమెరా సంచి విప్పి ఆయన ముందు పెట్టాడు. "చూసుకోండి సార్. రేపు మాట రాకూడదు."

పెద్దమనిషి నవ్వేశాడు. "నిన్ననుమానిస్తే కళ్లు పోతాయి బాబూ. నేనూ వస్తా పద. ఇవి మా చెల్లెలింట్లో పెట్టొస్తాను. ఇంట్లో ఉంటే ప్రమాదమని నువ్వే అన్నావుగా."

ఆటోని కేకేసి ఆపింది అతనే. సూట్‌కేసు ఎక్కించిందీ అతనే. ఆయన అతని భుజం తట్టి మరీ వెళ్లాడు.

అతను గేటు పక్క అరుగు మీద కూలబడి ఫొటోలు చూసుకున్నాడు. ఒక్కటీ వంకరపోలేదు. చెంచా కూడా పోలేదు. అంతటి అనుమానప్పక్షి చేత మంచివాడనిపించుకున్నాడు. ఇక ఆదివారాలన్నీ తనవే! అక్కకి చెబుదామని ఫోన్ తీసేసరికి అదే మోగింది. ఏజెంటు.

"తమ్ముడూ, తొందరపడి ముందే వెళ్లి ఎండలో నిలబడేవు, ఆ ఇంటివాళ్లంతా ఊరెళ్లి వారమైంది, తాళంచెవి నా జేబులోనే ఉంది, పదకొండుకి నేనొచ్చి తలుపు తీస్తాను."