ముందు ఏ మాట?

"పేటొ... పేటొ..." అంటూ మినతి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఏడేళ్ల పిల్ల. ఒడిశా నుంచి ఇటుక బట్టీలో పనికొచ్చిన వాళ్ల కూతురు.

"పేటకి ఇప్పుడెలా వెళ్తావే? సాయంత్రం మీ నాన్న తీసుకెళ్తాడులే," అంది ఝాన్సీ. నరసన్నపేటని ఆ చుట్టుపక్కల అందరూ పేట అనే అంటారు.

పిల్ల ఏడుపు ఇంకా పెద్దదైంది.

రేకుల షెడ్డు గుమ్మంలో కూర్చున్న ముసలామె ఉండబట్టలేక లేచింది.

"పంతులమ్మా, అది ఊరెల్తానంటం నేదు. మా బాసలో పేటొ అంటే కడుపు. దానికి కడుపు నొప్పి."

ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది.

బట్టీ పిల్లలకి తెలుగు నేర్పడానికి పెట్టిన ఆ కేంద్రంలో చేరి పదిహేను రోజులైంది. పాఠాల ప్రణాళికంతా ముందే గళ్లు గీసి రాసుకుంది. నలభై నిమిషాల పీరియడు, రంగు రంగుల కార్డులు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు.

పన్నెండు మంది పిల్లలూ గొంతు చించుకుని అప్పజెప్పేవారు. ఒక్కరూ నోరు తెరిచి ఒక్క మాట అడిగేవారు కాదు.

మార్చిలో జిల్లా నుంచి కూర్మనాథం మాస్టారు వచ్చి చూస్తారు. పిల్లలకి మాటలు రాకపోతే వచ్చే ఏడు కేంద్రం ఉండదు.

ఆ ముసలామె పేరు సుభద్రమ్మ. రోజూ పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చి, బడి వదిలేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. ఎవరో పిల్ల మామ్మ అనుకుంది ఝాన్సీ. ఎవరి మామ్మో అడగలేదు.

ఆ రోజు మాత్రం వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"నీకు తెలుగు ఎలా వచ్చింది మామ్మా?"

"బట్టీలోనే."

"ముందు ఏ మాట నేర్చుకున్నావు?"

"నీల్లు. తర్వాత నాది. ఆ తర్వాత ఒద్దు." సుభద్రమ్మ నవ్వింది. "ఆవుతో నాకు ఇప్పటికీ అవసరం పడనేదమ్మా."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఝాన్సీ తన ప్రణాళిక చించేసింది.

కొత్త కాగితం మీద మొదటి వారం అని రాసి, కింద ఐదు మాటలు రాసింది. నీళ్లు. ఆకలి. నొప్పి. నాది. వద్దు.

మర్నాడు చూపిస్తే సుభద్రమ్మ తలూపింది.

"పలకలు అప్పుడే తియ్యకు. ముందు ఇననీ. నువ్వు సెప్పు, ఆళ్లు సేస్తారు. నోరు దానంతటదే వస్తాది."

"ఇంకా?"

"ఆకర్న రోజుకో ఒడియా మాట ఆళ్లసేత నువ్వు నేర్సుకో. తప్పాడు. పంతులమ్మే తప్పాడితే ఆళ్లకి బయం పోతాది."

ఝాన్సీ తప్పు పలికింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పదో రోజుకి మినతి లేచి, ఒడియా మాట ఎలా పలకాలో ఆమెకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది!

"నువ్వేమైనా చదువుకున్నావా మామ్మా?" అని ఒకనాడు అడిగింది ఝాన్సీ.

"ఆళ్లకొస్తే సాల్దా?" అని కొంగు దులుపుకుని పిల్లల వెనకే వెళ్లిపోయింది సుభద్రమ్మ.

మార్చి రానే వచ్చింది.

కూర్మనాథం మాస్టారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. ఝాన్సీ ఇంకా పాఠం మొదలుపెట్టలేదు.

మినతి గుమ్మం వైపు చూసి లేచింది.

"సార్, మీ సెప్పులు ఎండలో ఉన్నాయి. కాలు కాలతాది. నీడలో పెట్టీనా?"

ఆ వాక్యం ఏ పాఠంలోనూ లేదు. ఎవరూ నేర్పలేదు.

మాస్టారు ప్రణాళిక అడిగి తీసుకుని, నిలబడే చివరిదాకా చదివారు.

"ఈ వరస ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఒక పిల్ల మామ్మండీ. చదువు రాకపోయినా చాలా తెలివైన మనిషి," అంది ఝాన్సీ గర్వంగా.

గుమ్మంలో సుభద్రమ్మ కళ్లు తుడుచుకుంటూ కనిపించింది.

వెళ్లేటప్పుడు ఆమె ఝాన్సీ భుజం తట్టింది. "బాగా సెప్పినావు."

జూన్‌లో ఆ ప్రణాళిక చిన్న పుస్తకమై వచ్చింది. వచ్చే ఏడు నుంచి ఇలాంటి కేంద్రాలన్నిటిలో ఇవే పాఠాలు. అట్ట మీద ఝాన్సీ పేరు.

పుస్తకం పట్టుకుని స్కూటీ మీద బట్టీకి పరుగెత్తింది. అప్పటికే తొలి వానలు పడ్డాయి. పొయ్యి చల్లారిపోయి ఉంది. గుడిసెలు ఖాళీ.

మేస్త్రీ నూకయ్య ఒక్కడే టార్పాలిన్లు మడత పెడుతున్నాడు.

"అందరూ ఊరెల్లిపోనారమ్మా. సుభద్రమ్మ నీకో మాట సెప్పమంది. పిల్లలకి ఈ ఏడు మంచి పంతులమ్మ దొరికింది, ఇంక నాకు బెంగ నేదూ అని."

ఝాన్సీ మొహం వెలిగిపోయింది.

"మనవరాలు సార్ ముందు అంత బాగా మాట్లాడితే ఆ మాత్రం మురిసిపోదా? మినతి మామ్మేగా ఆవిడ?"

"మామ్మేటమ్మా!" నూకయ్య మడతపెట్టడం ఆపి ఆమె వైపు చూశాడు. "ఆవిడికి పెళ్లీ నేదు, పిల్లలూ నేరు. ముప్పై రెండేళ్లు ఆళ్లూరి బళ్లో ఎడ్మాస్టరు. పిల్లలు బట్టీలకొచ్చేసి సదువు మరిసిపోతన్నారని, రిటైరైన కాణ్నుంచి ఏటా ఆళ్లెనకే వచ్చేసి మా గుడిసెల్లోనే ఉంటాది."