తీగ మధ్యలో ఖాళీ

"కాగితాలు తడుస్తాయేమో, కాస్త చూసుకోండి సార్" అంటూ నీళ్ళాయన భుజం మీద క్యానుతో లోపలికి వచ్చాడు.

రచయిత తల తిప్పలేదు. గడ్డానికి చెయ్యి ఆనించుకుని, గదికి అడ్డంగా కట్టిన బట్టల తీగ వంకే చూస్తున్నాడు.

తీగకి ఆ చివర ఒక చీటీ, ఈ చివర ఒక చీటీ క్లిప్పులతో వేలాడుతున్నాయి. మధ్యంతా ఖాళీ.

కథ మొదలుపెట్టే ముందు ఒక్కో ఘట్టాన్నీ ఒక్కో చీటీ మీద రాసి తీగకి తగిలించుకోవడం ఆయన అలవాటు. ఎన్నో కథలు ఆ తీగ మీదే తేలిగ్గా గట్టెక్కాయి. ఈ కథ మాత్రం మొండికేసింది.

నీళ్ళాయన ఆ ఖాళీ దగ్గరే వంగి, తీగ కింద నుంచి దూరి వంటగదిలోకి వెళ్ళాడు. క్యాను దించి వచ్చి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"దీని మీద బట్టలు ఆరేసుకోరా సార్?"

"కథ ఆరేశాను."

"మధ్యలోది గాలికి ఎగిరిపోయిందా మరి?"

రచయితకి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలాకాలమైంది.

"మొదటి చీటీలో ఒకావిడ లారీ కింద పడి చనిపోతుంది. చివరి చీటీలో ఆవిడ భర్త ఆ డ్రైవర్ని క్షమిస్తాడు. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా వెళ్ళాలో తెలీక ఛస్తున్నాను."

నీళ్ళాయన చివరి చీటీ దగ్గరికి వెళ్ళి చూశాడు.

"నిజంగా క్షమిస్తాడా సార్?"

"అలాగే రాయాలని ఉంది."

మొదటి చీటీ కల్పన కాదని మాత్రం రచయిత చెప్పలేదు. పోయింది ఆయన భార్యే. పెన్నులో సిరా అయిపోయిందని, రీఫిలు కొనుక్కురమ్మని ఆవిడని పంపింది ఆయనే. తర్వాత ఆయన కోర్టు మెట్లెక్కలేదు, డ్రైవరు మొహం చూడలేదు. కథలోనైనా ఆ మనిషిని క్షమించగలిగితే తన కంటికి మళ్ళీ కునుకు పడుతుందని ఆశ.

అప్పటినుంచి క్యాను తెచ్చినప్పుడల్లా నీళ్ళాయనకి ఆ కథే ధ్యాస.

"మధ్యలో ఆ డ్రైవరు ఏం చేస్తుంటాడు సార్?"

"ఏం చేస్తాడు, హాయిగా తిని పడుకుంటాడు."

"నిద్రపడుతుందంటారా?"

"పడితే నాకేం, పడకపోతే నాకేం? కథ భర్తది."

మరోసారి వచ్చినప్పుడు నీళ్ళాయన మెల్లగా అన్నాడు.

"ఆ డ్రైవరు ఆ భర్త గడప దాకా వచ్చి, ఏ మొహం పెట్టుకుని నోరు విప్పాలో తెలీక తిరిగెళ్ళిపోతూ ఉంటాడేమో సార్. రోజూ."

"అలా ఎక్కడైనా జరుగుతుందా? చదివేవాళ్ళు నవ్విపోతారు. అది సరే, అందరూ మోటారు బళ్ళలో నీళ్ళు తెస్తుంటే, ఈ ఎండలో నీకా తోపుడు బండేమిటయ్యా?"

"నాకు మోటారు బళ్ళు పడవు సార్."

"కడుపులో తిప్పుతుందా?"

"అలాంటిదే."

భార్య పోయిన తేదీ మళ్ళీ వచ్చింది. ఆ పొద్దున్నుంచీ రచయిత మధ్యలో చీటీలు తగిలిస్తూనే ఉన్నాడు, పీకి పారేస్తూనే ఉన్నాడు. నీళ్ళాయన క్యాను దించి వచ్చేసరికి చివరి చీటీ కూడా లాగేసి, చేతిలో నలుపుతున్నాడు.

"అది తియ్యకండి సార్. మధ్యది నెమ్మదిగా చూద్దురుగాని. చివరిది మాత్రం ఉంచండి."

"దారే లేనప్పుడు ఊరెందుకు? వాణ్ణి క్షమించడం నా వల్ల కాదు."

"సార్..."

"వాడి మీద నీకెందుకయ్యా అంత జాలి? నువ్వు నీళ్ళు మొయ్యి చాలు. కథ సంగతి నేను చూసుకుంటాను."

నీళ్ళాయన మొహం పాలిపోయింది. చెయ్యి చాపాడు.

"పారేసేదైతే ఆ చీటీ నేను తీసుకోనా?"

"తీసుకుపో."

నీళ్ళాయన దాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొదటి చీటీ తప్ప తీగంతా ఇప్పుడు ఖాళీయే. అయినా అలవాటైన చోటే వంగి, దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు రచయితకి మనసు చివుక్కుమంది. అనవసరంగా నోరు జారానే అనుకున్నాడు. ఆ బాధలోనే ఒక చీటీ తీసుకుని, 'డ్రైవరు గడప దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతాడు' అని రాసి మధ్యలో తగిలించాడు. దాన్ని చూస్తూ కూర్చుంటే చివరి చీటీ దానంతటదే వచ్చింది.

'వెళ్ళి నిద్రపో నాయనా. నేనూ పడుకుంటాను.'

నీళ్ళాయన వస్తే ముందు ఆయనకే చదివి వినిపించాలనుకున్నాడు. బయట చప్పుడైతే చాలు, లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాడు.

చివరికి వీధిలో మోటారు బండి ఆగింది. ఎవరో కొత్తాయన క్యాను గుమ్మం దగ్గర దించాడు.

"రోజూ వచ్చే ఆయనేడీ?"

"బాబాయి పోయాడు సార్. ఎత్తు మీదికి బండి తోస్తుంటే గుండె పట్టేసింది."

రచయిత తలుపు పట్టుకున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"ఆటో తెచ్చాం సార్. ఎక్కనన్నాడు. ఎత్తి కూర్చోబెట్టబోతే తోపుడు బండి కమ్మీ పట్టుకుని వదల్లేదు. నడిచే వస్తానన్నాడు. నాలుగడుగులు వేసి కూలిపోయాడు. ఈ వీధి మాత్రం తనకే ఇమ్మని మా ఓనర్ని ఎంతో బతిమాలి తీసుకున్నాడు, పాపం."

"ప్రాణం మీదికొస్తే కూడా ఎక్కకపోవడం ఏమిటయ్యా?"

"మీకు చెప్పలేదా సార్? ఒకప్పుడు ఆయన లారీ డ్రైవరు, ఈ మలుపులోనే పెన్ను రీఫిలు చేతిలో పట్టుకుని రోడ్డు దాటుతున్న ఒకావిడ ఆ లారీ కింద పడిందట, ఆ రోజు దిగినవాడు మళ్ళీ ఏ బండీ ఎక్కలేదు."