ఇంకో ముద్ద

స్టీల్ ప్లాంటులో రష్యా ఇంజినీరు పని అయిపోయింది. రేపే ప్రయాణం. బీచ్ రోడ్డు మేడలో ఆయన భార్య పెట్టెలు సర్దుతోంది.

ఆయా సూర్యకళ బాల్కనీలో పెరుగన్నం కలిపింది. వాళ్ల ఐదేళ్ల కూతురు లీదాకి తిండి దగ్గర మహా పేచీ. సముద్రంలో ఆగిన ఓడని చూపించి, “తినకపోతే అదెక్కించి మీ దేశం పంపేత్తాను” అని రోజూ బెదిరిస్తేగానీ నోరు తెరవదు.

ఇవాళ బెదిరించకుండానే గిన్నె ఖాళీ చేసింది. తల్లి గుమ్మంలో నిలబడి మురిసిపోయింది.

లీదా ఆ పెట్టెల వంక చూసి సూర్యకళ కొంగు పట్టుకుంది.

“పిన్నీ, ఇంకో ముద్దెట్టు. ఇకనుంచి అంతా తినేత్తాను. నన్ను ఓడెక్కించీకు.”

తెలుగు రాని తల్లి, ఏమంటోందని ఇంగ్లీషులో అడిగింది.

“గుడ్ ఫుడ్ అంటంది మేడం,” అంది సూర్యకళ, ఖాళీ గిన్నెలోకి చూస్తూ.