ఎడమ సీటు

ఆ పొద్దున ఇంట్లో ఉన్నది నాన్న మంగరాజు, అమ్మ రమణమ్మ, మామ్మ బుచ్చమ్మ, అన్నయ్య ప్రసాద్, దివ్య. కారుని కూడా కలుపుకుంటే ఆరుగురు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో దాన్ని కలుపుకునే లెక్కేస్తున్నారు.

దివ్య కాఫీ గ్లాసు పట్టుకుని కొబ్బరి షెడ్డులోకి వెళ్ళేసరికి, ఎండు కొబ్బరి కురిడీలు తూచే కాటా మీద కారు ఎడమ సీటు ఉంది.

"పదహారు" అన్నాడు ప్రసాద్ ముల్లు చూసి. కుడి తలుపు తెరిచి, లోపలివైపు ఉత్త రేకు మీద సుద్దముక్కతో రాశాడు. తలుపు అట్టలు కిందటి నెలే ఊడదీసేశాడు. అప్పటినుంచి కారులోంచి ఏది తీసేసినా దాని బరువు ఆ రేకు మీదే రాస్తున్నాడు. స్టెప్నీ 14. కార్పెట్లు 9. పాటల డబ్బా 5. వాటి కింద ఇప్పుడు ఎడమ సీటు 16.

దివ్య గ్లాసు కింద పెట్టేసింది.

"అది నేను కూర్చునే సీటు కదా అన్నయ్యా."

"బరువే బుజ్జీ. పోయినసారి చెన్నైలో రేసు ట్రాకు ఒక చుట్టు తిరగడానికి రెండు నిమిషాల నాలుగు సెకన్లు పట్టింది. రెండు నిమిషాల్లోపు వస్తేగాని మంచి బళ్ళతో కలిపి వదలరు. ఇది తీసినా చాలదు. ఇంకో నలభై కిలోలు తగ్గాలి."

ప్రసాద్ కంటే వయసులో పెద్దదైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ఇంజను వెనక సందులోకి పట్టేది దివ్య చెయ్యి ఒక్కటే. ఏ ముక్క మార్చినా తోట బాటలో కాలవ దాకా నడిపి చూసేది కూడా దివ్యే. ప్రసాద్ గట్టు మీద నిలబడి కళ్ళు మూసుకుని వినేవాడు. నడిపేవాడికి ఇంజను చప్పుడు సగమే తెలుస్తుందట. ఇంత చాకిరీకీ దివ్యకి దక్కింది ఒక్క మాట. పద్దెనిమిది నిండగానే చెన్నై తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని ట్రాకు మీద తిప్పుతానని. నిండి మూణ్ణెల్లయింది. పక్క సీటుకైనా లైసెన్సు ఉండాలని అన్నయ్య అంటే వెళ్ళి తెచ్చుకుంది. అతను ఏవో కాగితాలు ముందు పెడితే చదవకుండా సంతకాలు చేసింది. రాత్రే సంచి సర్దుకుంది.

అమ్మ గుమ్మంలోంచి చూసింది. "అంత దూరం దీనికెందుకని నేను ముందే అన్నాను. ఇది ఏదడిగినా వద్దనే రకమే. కూరైనా రెండోసారి వద్దనే అంటుంది. ఈ ప్రయాణానికి మాత్రం ఒప్పేసుకుంది."

"ఒరేయ్, ఇంకా తియ్యడానికి అందులో ఏముందిరా?" అంది మామ్మ అరుగు మీంచి. "ఆ చక్రాలు కూడా పీకి కాటా మీద పెట్టు. అసలు బరువే ఉండదు."

నాన్న కొడుకు మొహం ఓసారి చూసి, కురిడీల బస్తా మూతి కట్టుకోసాగారు.

ప్రసాద్ సీటు కిందికి దింపాడు. "కాటా ఎక్కు" అన్నాడు చెల్లెలితో.

దివ్య ఎక్కింది.

"నలభై మూడు."

అతను అటు తిరిగి రేకు మీద ఏదో రాశాడు. వీపు అడ్డంగా ఉండి కనపడలేదు. కనపడక్కర్లేదు కూడా. నలభై కిలోలు కావాలన్నాడు, దొరికాయి. స్టెప్నీ కింద, పాటల డబ్బా కింద, తన పేరు.

గదిలోకి వెళ్ళి సంచి మంచం మీద బోర్లించింది. కొత్త చుడీదారు మడత విప్పకుండా బీరువాలో పెట్టేసింది. దువ్వెన కిటికీలో పెట్టింది. ఏడుద్దామనుకుంది గాని, ఏడుపు రాలేదు. తను ఎక్కకపోతే కారు వేగంగా వెళ్తుంది. అది నిజమే. నిజాన్ని పట్టుకుని ఎవరి మీద ఏడవాలి?

వాకిట్లో లారీ ఆగిన చప్పుడైంది.

"ఆయ్, ప్రసాదు గారండీ, చెక్కలు వాల్చేసేనండి" అని కేకేశాడు డ్రైవరు కామరాజు. "దివ్యమ్మగారు ఎక్కిస్తారాండి బండి? కిందటిసారి కూడా ఆవిడే కదండీ ఎక్కించేరు."

"అదే ఎక్కిస్తుంది" అంటూ ప్రసాద్ గదిలోకి వచ్చాడు. ఖాళీ సంచి చూశాడు. "రావే. లారీ ఎక్కించే ముందు ఒక్కసారి కాలవ దాకా నడుపు. వింటాను."

"వద్దన్నయ్యా. నువ్వే నడుపుకో."

"నిన్ను అడిగేనా?" అని చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

షెడ్డులోకి వెళ్ళేదాకా దివ్య తల ఎత్తలేదు. స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన ఉత్త రేకు, సీటు బోల్టులు ఊడిన నాలుగు కన్నాలు. అటు చూడలేక మొహం తిప్పుకుంది. పెడల్సు అందడానికి ఎప్పుడూ వీపు వెనక పెట్టుకునే దిండు కోసం తడిమింది. లేదు. అయినా కాళ్ళు అందాయి. సీటు ముందుకి జరిపి బోల్టులు బిగించేసి ఉంది.

ప్రసాద్ తెరిచిన తలుపుకి ఆనుకుని నిలబడి, వంగి ఆమెకి బెల్టులు తగిలించాడు. ఎప్పుడూ వదులుగా వేలాడే పట్టీలు ఆ రోజు భుజాలకి సరిగ్గా పట్టాయి.

"మొత్తం సరిపోయిందా అన్నయ్యా?" అంది.

"ఆ. నలభై ఒకటి తగ్గింది."

"నేను నలభై మూడు కదా."

"లెక్క రాసేను. చూసుకో" అని వెనక్కి జరిగి, ఆమె మీద తలుపు వేసేశాడు.

మూసుకున్న రేకు కళ్ళకి ఎదురుగా వచ్చింది. ఎడమ సీటు 16 కింద, సుద్ద చేతి మరకల మధ్య, ఇంకో రెండు వరుసలు.

తీసేసింది: ప్రసాద్ 84. ఎక్కించింది: దివ్య 43.