బయటి యూనిట్

ఆర్మూర్‌లో పసుపు సీజన్ వచ్చిందంటే ఈ అపార్ట్‌మెంట్ ఏసీలన్నీ మొరాయిస్తాయి. నాలుగో అంతస్తు ఎక్కేసరికి వాటికన్నా ముందు నా మోకాళ్లు మొరాయించాయి.

"ఈసారి చల్లబడకుంటే వేరే మెకానిక్‌ను పెట్టుకుంటం, నడిపయ్యా," అంది యమున మేడం.

"గ్యాస్ అయిపోయినట్టుంది మేడం," అన్నాను నీరసంగా. ఇప్పటికి మూడుసార్లు నింపాను.

నాతో వచ్చిన నా బిడ్డ స్వర్ణ బాల్కనీలోని యూనిట్ విప్పింది. "గ్యాస్ గాదు బాపూ. జాలీ నిండ పసుపు దుమ్మే. గిది ఊపిరెట్ల తీస్కుంటది?"

కడిగితే పసుపు నీళ్లు కారాయి. గది చల్లబడింది.

"నడిపయ్యా, రేపటి సంది నువ్వు రాకు," అంది మేడం. "బిడ్డను తోలు, చాలు."

సంతోషం పట్టలేక గబగబా కిందికి దిగాను. వాచ్‌మన్‌ను, పాలాయనను, ఎదురొచ్చిన వాళ్లనందరినీ ఆపి చెప్పాను:

"నన్ను పనిలకెల్లి తీసేసిండ్రు!"